ఒక్క పిల్లి ఒక పక్షిజాతిని మొత్తం తినేసిందా? స్టీఫెన్స్ దీవి రెన్ అసలు కథ

ప్రశ్న ఇదీ: "న్యూజిలాండ్‌లో ఏదో చిన్న దీవిలో లైట్‌హౌస్ కాపలాదారు పెంచుకున్న పిల్లి ఒక్కటే ఒక పక్షిజాతిని పూర్తిగా అంతం చేసిందని రీల్‌లో చూశాను. నిజమేనా? ఒక్క పిల్లికి అది సాధ్యమా? అందులో చూపించిన పక్షి ఫోటో అసలుదేనా?"

నేను జువాలజీ చదివినవాణ్ని, చాలాకాలంగా వెల్లింగ్టన్‌లో ఉంటున్నాను, ఇక్కడ ఎలుకల బోనులు పెట్టి పక్షుల్ని కాపాడే వాలంటీర్ల గుంపులో ఉన్నాను. ఈ పిల్లి కథ మా గుంపులో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. అందుకని కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిక ఉంటే చదవండి.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఒక్క పిల్లి కాదు, పిల్లులు. ఆ పిల్లులు కూడా కథలో ఆఖరి అంకంలో వచ్చినవే. వాటికి ఐదారు వందల ఏళ్ల ముందే ఆ పిట్ట తొంభై శాతం కథ ముగిసిపోయింది, ఆ పని చేసింది ఎలుకలు. రీల్ చేసినవాళ్లు కథలో చివరి పేజీ చింపుకొచ్చి అదే పుస్తకం అంటున్నారు.

ఇక వివరంగా. న్యూజిలాండ్ రెండు పెద్ద దీవులు కదా, ఉత్తర దీవి, దక్షిణ దీవి. రెంటి మధ్య ఉన్న సముద్రాన్ని కుక్ జలసంధి అంటారు. దానికి పడమటి వైపు, దక్షిణ దీవి కొసన ఉన్న డర్విల్ దీవికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో స్టీఫెన్స్ దీవి ఉంది. అక్కడి మూలవాసులైన మావోరీలు తకపౌరేవా అంటారు. మొత్తం విస్తీర్ణం 150 హెక్టార్లు, అంటే మన లెక్కలో 370 ఎకరాలు. ఒక మోస్తరు ఊరి పొలాలంత కూడా ఉండదు. చుట్టూ నిట్టనిలువు కొండచరియలు, దాదాపు 280 మీటర్ల ఎత్తు, పడవ కట్టడానికి సరైన చోటు లేదు. అలా ఎవరూ సులువుగా దిగలేకపోవడమే ఆ దీవికి శ్రీరామరక్ష అయింది.

ఓడలు ఆ రాళ్లకు గుద్దుకోకుండా అక్కడ లైట్‌హౌస్ కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. 1892లో పనులు మొదలయ్యాయి, 1894 జనవరి 29న దీపం వెలిగించారు. కీపర్లు కుటుంబాలతో వచ్చారు. సామాను, పశువులు, గొర్రెలు వచ్చాయి, వాటి మేతకోసం అడవి కొట్టడం మొదలైంది. వాటితోపాటు పిల్లి కూడా వచ్చింది. గర్భంతో ఉన్న పిల్లి ఒకటి తప్పించుకుని అడవిలో పడిందని చెబుతారు. ఒకటో రెండో, ఎన్ని వచ్చినా ఫలితం ఒకటే, ఎందుకంటే పిల్లికి రెండు నెలల్లో కానుపు, ఒక్కో కానుపుకు నాలుగేసి పిల్లలు, ఆ పిల్లలు ఆరేడు నెలలకే మళ్లీ ఈనడానికి సిద్ధం. తిండికి కొదవలేని, తమను వేటాడే జంతువు లేని చోట ఏడాది తిరిగేసరికి ఒక్కటి కాస్తా పదులవుతుంది. "ఒక్క పిల్లి" అనే మాట లెక్కకు నిలబడనిది ఇక్కడే.

అసిస్టెంట్ కీపర్లలో డేవిడ్ లయల్ అనే ఆయన ఉండేవాడు. పక్షులంటే ఆసక్తి. 1894 చలికాలంలో, అంటే అక్కడి జూన్ ప్రాంతంలో, పిల్లి నోట కరుచుకొచ్చిన చిన్న పిట్టలు ఆయన కంటపడ్డాయి. ఇవేవో కొత్తగా ఉన్నాయే అనుకుని చర్మాలు ఒలిచి దాచాడు. నిజానికి ఈ కథలో నాకు కాస్త అభిమానం ఉన్న మనిషి ఈయనే. ఆయన దాచకపోతే ఆ పిట్ట బతికుండగా ఎవరైనా చూశారన్న సంగతే మనకు తెలిసేది కాదు, ఎముకలు మాత్రం ఎప్పుడో గుహల్లో దొరికి ఉండేవి.

ఆ చర్మాల్లో ఒకటి, దీవికి సామాను తెచ్చే ప్రభుత్వ స్టీమర్ హినెమోవాలో ఇంజనీరుగా పనిచేసే బెథూన్ చేతికి వెళ్లింది. ఆయన దాన్ని వెల్లింగ్టన్‌లో వాల్టర్ బుల్లర్‌కు ఇచ్చాడు. న్యూజిలాండ్ పక్షుల మీద అప్పట్లో బుల్లర్‌దే ఆఖరి మాట. చూడగానే కొత్త జాతి అని పోల్చుకుని వివరణ రాసి, బొమ్మ వేయించడానికి లండన్ పంపాడు. ఆయన తొందరపడలేదు, అక్కడే దెబ్బతిన్నాడు. ఎందుకంటే ఈలోపు వెల్లింగ్టన్‌లోనే హెన్రీ ట్రావర్స్ అని పక్షుల నమూనాలు అమ్మే వ్యాపారి ఒకడు లయల్‌తో బేరం కుదుర్చుకుని మిగతావి సంపాదించాడు. బుల్లర్ కంటే ఎక్కువ డబ్బు ఇచ్చే గిరాకీ ఆయనకు తెలుసు. లండన్ దగ్గర ట్రింగ్‌లో ఉండే వాల్టర్ రోత్‌షీల్డ్. బ్యాంకర్ల కుటుంబం, జీబ్రాల్ని బండికి కట్టి లండన్ వీధుల్లో తిరిగిన మనిషి, సొంతానికి ఒక మ్యూజియమే ఉంది. తొమ్మిది నమూనాలు ఆయన కొన్నాడు. 1894 డిసెంబర్ 19న బ్రిటిష్ ఆర్నిథాలజిస్ట్స్ క్లబ్ సమావేశంలో ఆ పిట్టకు ట్రావెర్సియా లయాలి అని పేరు పెట్టి ప్రకటించేశాడు. అమ్మినవాడి పేరు, దాచినవాడి పేరు కలిపి అన్నమాట. బుల్లర్ వ్యాసం ఐబిస్ పత్రికలో వచ్చింది 1895 ఏప్రిల్‌లో. ఆయన పెట్టిన పేరు చెల్లలేదు, ఆ కోపం ఆయనకు చాలాకాలం ఉండిపోయింది.

ఒక్కసారి ఆ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరు పెద్దమనుషులు పేరు ఎవరిదన్న గొడవలో ఉండగా, 1895 మార్చి 16న క్రైస్ట్‌చర్చ్ పత్రిక ద ప్రెస్ ఆ పక్షి ఇక దీవిలో లేదని నమ్మడానికి మంచి కారణమే ఉందని, ఇంకెక్కడా ఉన్నట్టు తెలియదు కాబట్టి అది అంతరించినట్టేనని రాసింది. నిర్మూలనలో ఇది రికార్డు అయి ఉంటుందని ఎత్తిపొడిచింది కూడా. అంటే బుల్లర్ వివరణ అచ్చయ్యే నాటికి ఆ పక్షికి పత్రికలో సంతాపవార్త వచ్చేసింది. అప్పటికే లయల్ కూడా దీవిలో పిల్లులు అడవిపాలయ్యాయి, పక్షులన్నిట్నీ నాశనం చేస్తున్నాయి అని బుల్లర్‌కు రాశాడు. గమనించండి, దీవిలో ఉన్న మనిషే "పిల్లులు" అని బహువచనంలో రాశాడు. మరి ట్రావర్స్? ఇంకా నమూనాలు దొరుకుతాయని వెతికించాడు, దొరకలేదు. తర్వాత ఒకటీ అరా దొరికి ఉండొచ్చని, పూర్తిగా పోవడానికి ఇంకో రెండు మూడేళ్లు పట్టి ఉండొచ్చని ఆ కాలపు ఉత్తరాలు, మ్యూజియం రికార్డులు తవ్విన పరిశోధకులు 2004లో రాశారు. అది నాకూ సబబుగానే అనిపిస్తుంది. ఏడాదిలో పోయిందా మూడేళ్లలో పోయిందా అన్నది పెద్ద తేడా కాదు గానీ, "ఒక్క పిల్లి, ఒక్క ఏడాది" అన్న కథకు మాత్రం అది దెబ్బే. అన్నట్టు ఆ పిల్లికి టిబుల్స్ అని రీల్స్‌లో పేరు చెబుతారు, అది తర్వాత కథలు చెప్పుకున్నవాళ్లు తగిలించింది.

సరే, అసలు ఎలాంటి పిట్ట ఇది? పది సెంటీమీటర్ల పొడవు, ఆలివ్ గోధుమ రంగు ఈకలు, ఒక్కో ఈకకు ముదురు అంచు ఉండటం వల్ల ఒంటిమీద పొలుసుల్లా కనిపించేది, కంటి మీదుగా సన్నటి పసుపు గీత. తోక పొట్టి, కాళ్లు పెద్దవి. రెక్కలు మరీ చిన్నవి, ఈకలు మెత్తగా వదులుగా ఉంటాయి. తర్వాత దొరికిన ఎముకల్లో రొమ్ము ఎముక చూస్తే ఎగిరే కండరాలు పట్టుకోవడానికి ఉండాల్సిన గట్టు బాగా తగ్గిపోయి ఉంది. అంటే ఎగరలేదు. దీన్ని ప్రాణంతో చూసిన చదువుకున్న శాస్త్రవేత్త ఒక్కరూ లేరు. లయల్ చూసింది కూడా రెండే సార్లు. సాయంత్రం పూట రాళ్ల మధ్య ఎలుకలా పరిగెత్తేదని, ఎంత వేగమంటే కర్రకు, రాయికి కూడా అందేది కాదని ఆయన చెప్పినట్టు రాసి ఉంది. మనకు దాని ప్రవర్తన గురించి తెలిసిందంతా ఆ రెండు మూడు వాక్యాలే. ఏం తినేదో, గూడు ఎలా కట్టేదో, ఎలా కూసేదో రాసిపెట్టినవాడు లేడు.

కాకులు, పిచ్చుకలు, మైనాలు ఇవన్నీ ఒకే పెద్ద వర్గం, పాసెరైన్లు అంటారు, ప్రపంచంలో సగానికి పైగా పక్షిజాతులు ఈ వర్గంలోనివే. అన్ని వేల జాతుల్లో ఎగరలేనివి వేళ్లమీద లెక్కపెట్టేన్ని కూడా ఉండవు, అందులో ఇదొకటి. ఇంకో సంగతి, పేరులో రెన్ అని ఉన్నా యూరప్‌లో ఉండే రెన్ పిట్టలకూ దీనికీ చుట్టరికం లేదు. న్యూజిలాండ్ రెన్‌లు వేరే కుటుంబం, మిగతా పాసెరైన్లన్నిటి నుంచీ కోట్ల ఏళ్ల కిందటే విడిపోయిన పాత శాఖ. ఆ శాఖలో మిగిలినవి ఇప్పుడు రెండే రెండు జాతులు. అందుకే పోయింది ఏదో ఒక చిన్న పిట్టే కదా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎగరలేని పిట్ట సముద్రం మధ్య దీవికి ఎలా వెళ్లింది అని మీకు ఈపాటికి డౌట్ రావాలి. అది వెళ్లలేదు, సముద్రమే మధ్యలోకి వచ్చింది. సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే ఓ 120 మీటర్లు తక్కువ, స్టీఫెన్స్ దీవి అప్పుడు దక్షిణ దీవితో కలిసిన కొండ. మంచు కరిగి నీళ్లు పెరిగాక దీవిగా విడిపోయింది. అప్పుడు ఈ పిట్ట ఒక్క స్టీఫెన్స్ కొండమీదే కాదు, రెండు పెద్ద దీవుల్లోనూ ఉండేది. ఎలా తెలుసంటే దాని ఎముకలు ఉత్తర దీవిలోనూ దక్షిణ దీవిలోనూ చాలా గుహల్లో దొరికాయి, మరీ ముఖ్యంగా ఒకప్పుడు అక్కడ ఉండే నవ్వే గుడ్లగూబ విశ్రాంతి తీసుకునే చోట్ల, తిని కక్కిన ఉండల్లో. ఆ గుడ్లగూబ కూడా ఇప్పుడు లేదు, చివరిది 1914లో దొరికింది.

మరి అంత విస్తారంగా ఉన్న పిట్ట ఎలా పోయింది? 13వ శతాబ్దంలో పాలినేషియా నుంచి మావోరీల పూర్వీకులు పడవల్లో వచ్చారు. వాళ్లతో కియోరే అనే పసిఫిక్ ఎలుక వచ్చింది. అప్పటిదాకా న్యూజిలాండ్‌లో నేలమీద తిరిగే వేట క్షీరదం అనేదే లేదు, గబ్బిలాలు తప్ప. అక్కడి పక్షులకు శత్రువంటే ఆకాశం నుంచి వచ్చే డేగ, గుడ్లగూబ. ఆ శత్రువు కంటితో చూసి వేటాడుతుంది, కాబట్టి కదలకుండా కూర్చుంటే ప్రాణం దక్కుతుంది. ఎలుక ముక్కుతో వెతుకుతుంది. దాని ముందు కదలకుండా కూర్చున్న పిట్ట పళ్లెంలో పెట్టిన భోజనమే. నేలమీద, రాళ్ల సందుల్లో గుడ్లు పెట్టే చిన్నజాతులెన్నో అలా ఒక్కొక్కటీ తుడిచిపెట్టుకుపోయాయి. ఎలుకలు చేరలేకపోయిన చోటు స్టీఫెన్స్ దీవి, పడవ దిగే చోటు లేకపోవడం అక్కడ కలిసొచ్చింది. ఈ రెన్‌తో పాటు తువతారా అనే పురాతన సరీసృపం, హామిల్టన్ కప్ప అనే అరుదైన కప్ప కూడా అక్కడ బతికిపోయాయి. అంటే 1894లో పిల్లి కాలుపెట్టేసరికి రెండు పెద్ద దీవుల నిండా ఉండాల్సిన జాతి మొత్తం 370 ఎకరాల్లో మిగిలి ఉంది. అవి ఎన్ని ఉండేవో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, అసలు పిల్లులకైనా సాధ్యమా అని. మామూలుగా వేటజంతువు తన ఆహారాన్ని పూర్తిగా అంతం చేయదు, ఎర తగ్గితే వేటాడేవి ఆకలితో తగ్గుతాయి, మళ్లీ ఎర పుంజుకుంటుంది, స్కూల్లో గ్రాఫ్ వేయించేవాళ్లు గుర్తుందా? దీవుల్లో ఆ గ్రాఫ్ పనిచేయదు. కారణం, పిల్లి బతుకు ఈ పిట్టమీద ఆధారపడి లేదు. స్టీఫెన్స్ దీవిలో ఫెయిరీ ప్రియాన్ అనే చిన్న సముద్రపక్షులు లక్షల్లో బొరియల్లో గుడ్లు పెడతాయి, బల్లులున్నాయి, తువతారా పిల్లలున్నాయి. పిల్లులకు కడుపునిండా తిండి వాటితో దొరుకుతుంది, సంఖ్య పెరుగుతూనే ఉంటుంది, రెన్‌లు నూటికి ఒకటి మిగిలినా పిల్లుల సంఖ్య తగ్గదు. ఆ చివరి ఒక్కటి కూడా ఏదో సాయంత్రం ఎదురుపడుతుంది. అరుదైన జాతిని చంపేది దాన్నే నమ్ముకున్న శత్రువు కాదు, దాని అవసరం ఏమాత్రం లేని శత్రువు. దీవుల పక్షుల గురించి ఒక్క విషయం గుర్తుపెట్టుకోమంటే నేను ఇదే చెబుతాను. దానికి తోడు పొదలు, అడవి కొట్టేయడంతో దాక్కునే చోటు కూడా తగ్గింది.

పిల్లుల సంఖ్య గురించి అనుమానం ఉంటే ఇది చూడండి. 1899లో దీవికి వచ్చిన కాథ్‌కార్ట్ అనే కీపర్ ఏడాది తిరక్కుండానే వందకు పైగా పిల్లుల్ని కాల్చాడు. చివరి పిల్లిని వదిలించుకునేసరికి 1925 అయింది. ఈలోపు అక్కడి పియోపియో అనే ఇంకో పక్షి ఉపజాతి కూడా పోయింది, దాని గురించి రీల్స్ ఎవరూ చేయరు పాపం.

ఆ రోజుల్లో ఎవరికీ ఈ జ్ఞానం లేదా అంటే, ఉంది. అదే 1894లో దేశం నైరుతి కొసన రిజల్యూషన్ దీవికి రిచర్డ్ హెన్రీ అనే ఆయన్ని ప్రభుత్వమే కాపలాదారుగా వేసింది. కాకాపో చిలుకల్ని, కివిల్ని వందల్లో పట్టి, పడవలో తెడ్లు వేసుకుంటూ ఆ దీవిలోకి చేర్చాడు ఆయన. ఒకే ప్రభుత్వం, ఒకే సంవత్సరం, ఒక దీవిలోకి పక్షుల్ని కాపాడటానికి మనిషిని పంపింది, ఇంకో దీవిలోకి లైట్‌హౌస్‌తో పాటు పిల్లిని పోనిచ్చింది. హెన్రీ కష్టం కూడా నిలవలేదు, 1900లో స్టోట్ ఈదుకుంటూ ఆ దీవికి చేరింది. స్టోట్ అంటే సన్నటి, చురుకైన చిన్న వేటజంతువు. కుందేళ్లు ఎక్కువయ్యాయని రైతుల ఒత్తిడితో 1880ల్లో కావాలని తెచ్చి వదిలారు, శాస్త్రవేత్తలు వద్దని మొత్తుకున్నా వినలేదు.

రెన్ కుటుంబం కష్టాలు అక్కడితో అయిపోలేదు. బుష్ రెన్ అని దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి ఉండేది. దాని దక్షిణపు ఉపజాతి స్టూవర్ట్ దీవి పక్కన బిగ్ సౌత్ కేప్ అనే దీవిలో బతికేది. 1960ల మొదట్లో అక్కడికి ఓడ ఎలుకలు చేరాయి, బహుశా చేపల పడవ తాళ్ల మీదుగా. 1964కల్లా దీవి అంతా ఎలుకలే. వన్యప్రాణి శాఖ నుంచి డాన్ మెర్టన్, బ్రయన్ బెల్ లాంటివాళ్లు పరిగెత్తారు. ఎలుకలు అంత హాని చేస్తాయా, ఇంకాస్త గమనిద్దాం అని కొందరు పెద్ద శాస్త్రవేత్తలు అడ్డుపడినా వీళ్లు ఆగలేదు. శాడిల్‌బ్యాక్ పక్షులు 36 పట్టి ఎలుకల్లేని దీవులకు మార్చారు, ఆ జాతి బతికింది. బుష్ రెన్‌లు ఆరే దొరికాయి, పక్కనున్న చిట్టి దీవిలో వదిలారు, నిలదొక్కుకోలేదు, 1972 తర్వాత ఎవరూ చూడలేదు. స్నైప్ అనే పక్షి ఒక రకం, పెద్ద గబ్బిలం ఒక రకం అక్కడే పోయాయి. ఎలుకల మీద ఉన్న వాదన మాత్రం ఆ దెబ్బతో ముగిసింది. ఇవాళ ప్రపంచంలో దీవుల నుంచి ఎలుకల్ని పూర్తిగా తీసేసే పనిలో న్యూజిలాండ్‌వాళ్లను పిలుస్తున్నారంటే ఆ అనుభవం ఇక్కడి నుంచి మొదలైందే.

పిల్లుల్ని పెంచుకునేవాళ్లు ఇది చదివి నామీద కోప్పడకండి, మా ఇంట్లోనూ పిల్లి ఉంది, చీకటి పడితే బయటికి వదలం. ఇక్కడ ఇది పెద్ద గొడవే. 2050కల్లా ఎలుకలు, స్టోట్లు, పాసమ్‌లు లేని దేశం కావాలని 2016లో ప్రభుత్వం లక్ష్యం పెట్టుకున్నప్పుడు ఆ జాబితాలో పిల్లి పేరు లేదు. ఓట్లు ఉన్న ఇళ్లలోనే పిల్లులూ ఉన్నాయి మరి.

స్టీఫెన్స్ దీవి ఇప్పుడు ఎలా ఉందంటే, రక్షిత ప్రాంతం, పర్మిషన్ లేకుండా దిగనివ్వరు, లైట్‌హౌస్ ఆటోమేటిక్ అయింది, కీపర్లు లేరు. తువతారాలు వేలల్లో ఉన్నాయి, ముప్పై వేలకు తక్కువ ఉండవని అంచనా. ప్రపంచంలో అవి అంత ఎక్కువగా ఉన్న చోటు ఇంకోటి లేదు. చెట్లు మళ్లీ నాటుతున్నారు. రెన్‌కు తప్ప మిగతా అందరికీ ఇల్లు తిరిగి దొరికినట్టే.

ఇక ఫోటో సంగతి. అసలు ఫోటో లేదు, ఉండే అవకాశమూ లేదు. ఉన్నవి పదిహేను చిల్లర ఎండిన నమూనాలు, లండన్, న్యూయార్క్, వెల్లింగ్టన్ లాంటి చోట్ల మ్యూజియంల సొరుగుల్లో. వీటిలో చాలావరకు పిల్లుల నోట్లోంచి తీసినవే. బొమ్మల్లో పేరున్నది కూలెమన్స్ అనే చిత్రకారుడు చచ్చిన నమూనాను చూసి వేసినది. మీరు రీల్‌లో చూసింది కొమ్మమీద కూర్చున్న ఆకుపచ్చని చిన్న పిట్ట అయితే అది రైఫిల్‌మన్, మావోరీలో తీతిపౌనము. ఇంకా బతికున్న ఇద్దరు చుట్టాల్లో ఒకటి, ఆరు గ్రాముల బరువు, న్యూజిలాండ్‌లో అన్నిటికంటే చిన్న పక్షి. మంచు కొండల రాళ్లమీద పొడుగు కాళ్లతో నిలబడ్డదైతే అది రాక్ రెన్, రెండో చుట్టం. ఈ మధ్య ఏఐతో చేసిన బొమ్మలు కూడా తిరుగుతున్నాయి, రెక్కలు చాచి ఎగురుతున్నట్టు చూపిస్తే అది ఖాయంగా అబద్ధమే. రైఫిల్‌మన్‌ను నేరుగా చూడాలనుంటే వెల్లింగ్టన్ వచ్చినప్పుడు జీలాండియాకు వెళ్లండి, ఊరి మధ్యలోనే పిల్లులు, ఎలుకలు దూరకుండా కంచె కట్టిన లోయ అది, 2019లో వాటిని అక్కడ వదిలారు. వాటి కూత ఎంత సన్నగా ఉంటుందంటే కాస్త వయసు మీదపడినవాళ్ల చెవికి అందదు, అందుకని వెళ్లేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్తే ఎక్కడున్నాయో వాళ్లే ముందు చెబుతారు.